డెగా పద్ధతిలో పాస్టెల్: తల దువ్వుకుంటున్న స్త్రీ బొమ్మ, మొదటి గీత నుంచి ఫ్రేము దాకా

1886లో పారిస్‌లో జరిగిన ఎనిమిదవ ఇంప్రెషనిస్టు ప్రదర్శనలో ఫ్రెంచి చిత్రకారుడు ఎడ్గార్ డెగా ఒక పాస్టెల్ (పొడి రంగు కడ్డీలతో వేసే బొమ్మల) వరుస పెట్టాడు. స్నానం చేసే స్త్రీలు, ఒళ్లు తుడుచుకునేవాళ్లు, తల దువ్వుకునేవాళ్లు, దువ్వించుకునేవాళ్లు. ఆ బొమ్మల్లో ఒక్కరూ మనవైపు చూడరు. అందరి దృష్టీ చేతిలో ఉన్న పని మీదే.

అలాంటి బొమ్మ వేయాలని కూర్చున్నవాళ్లకు రెండు చోట్ల చిక్కు వస్తుంది. మొదటిది, మోడల్ దువ్వెన పట్టుకుని ఫొటోకి కూర్చున్నట్టు ఉంటుంది. రెండోది, రంగు మీద రంగు వేసేకొద్దీ బొమ్మ మసకబారి మట్టి రంగుకు తిరుగుతుంది. మొదటిదానికి మందు పాస్టెల్ ముట్టుకోకముందే ఉంది. రెండోదానికి మందు పొరలు వేసే వరుసలో ఉంది. ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం ఆ రెండింటికే.

కొలత: 50×65 సెం.మీ. కాగితం. సమయం: రెండేసి గంటల చొప్పున నాలుగైదు కూర్చోబాట్లు.

## 1. ముందు పని ఎంచుకోండి, భంగిమ తర్వాత

"తల దువ్వుకోవడం" అనేది ఒక్క పని కాదు. చిక్కు తీయడం, పాపిట తీయడం, తడి జుట్టు తువ్వాలుతో ఒత్తడం, జడ చివర ముడి వేయడం, ఇవన్నీ వేరువేరు. ఒక్కోదానికి ఒళ్లు ఒక్కోలా వంగుతుంది. వీటిలో ఒకటే తీసుకోండి. మొదటిసారి వేసేవాళ్లకు చిక్కు తీయడం మంచిది. అందులో బలం ఎటు పడుతోందో కంటికి కనిపిస్తుంది.

చిక్కు తీసేవాళ్లను కాసేపు గమనించండి. ఒక చేయి చిక్కుకు పైన జుట్టును గట్టిగా పట్టుకుంటుంది, కుదుళ్లు లాగకుండా. రెండో చేయి చివర్ల నుంచి దువ్వుతూ పైకి వస్తుంది. చివర్లు దువ్వేటప్పుడు మోచేయి నడుము దగ్గర ఉంటుంది. కుదుళ్ల దగ్గరికి వచ్చేసరికి భుజం కంటే పైకి లేస్తుంది. తల దువ్వెన లాగేవైపు వాలి, మెడ రెండోవైపు బిగుస్తుంది. ఈ నాలుగు సంగతులూ బొమ్మలో ఉంటే ముఖం లేకపోయినా నడుస్తుంది.

గీయడానికి ముందు మూడు బొమ్మలు చూడండి. మూడింటికీ మంచి ఫొటోలు ఆయా మ్యూజియంల వెబ్‌సైట్లలో ఉన్నాయి.

- డెగా "లా క్వాఫ్యూర్" (సుమారు 1896, నేషనల్ గ్యాలరీ, లండన్). తైలవర్ణం, దాదాపు అంతా ఎరుపే. పనిమనిషి జుట్టు లాగుతుంటే కూర్చున్నావిడ వెనక్కి వాలి, చేత్తో తల పట్టుకుని ఉంటుంది. లాగుడు ఎటు, దాన్ని ఆపే చేయి ఎటు అన్నది ఇక్కడ చూడండి.
- మేరీ కసాట్ "గర్ల్ అరేంజింగ్ హర్ హెయిర్" (1886, నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్, వాషింగ్టన్). ఒక చేత్తో జడ, రెండో చేయి తల వెనక్కి. నోరు కాస్త తెరుచుకుని ఉంటుంది. పనిలో మునిగిన ముఖం ఎలా ఉంటుందో దీన్ని మించి చూపే బొమ్మ నాకు తోచదు.
- బెర్త్ మోరిజో "వుమన్ ఎట్ హర్ టాయిలెట్" (అలంకరించుకుంటున్న స్త్రీ; 1875–80, ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ షికాగో). ఆవిడ వీపు మనవైపు. అద్దం ఉన్నా అందులో ముఖం కనిపించదు. ఎంత దాచవచ్చో ఇక్కడ నేర్చుకోవాలి.

కసాట్, మోరిజో బొమ్మల్లో ఇద్దరికీ బట్టలున్నాయి. ఏకాంతం వచ్చింది పని వల్లే. కాబట్టి నగ్న మోడల్ లేరని ఆగక్కర్లేదు. భుజాలు, మెడ, చేతులు కనిపించే లంగా జాకెట్టో నైటీయో చాలు.

## 2. మోడల్, గది, మీరు నిలబడే చోటు

ముందు అనుమతి. ఇంట్లోవాళ్లైనా సరే, ఏం వేస్తున్నారో, ఎవరికి చూపిస్తారో, ఆన్‌లైన్‌లో పెడతారా లేదా, అన్నీ ముందే చెప్పి ఒప్పించుకోండి. డెగా బొమ్మల్ని తలుపు సందులోంచి చూసినట్టున్నాయని అంటుంటారు కానీ, ఆయన స్టూడియోలో టబ్బులు, బేసిన్లు పెట్టించి, డబ్బిచ్చి మోడళ్లను పెట్టుకునేవాడు. చాటుగా ఫొటో తీసి దాన్ని చూసి వేయడం ఏ విధంగానూ ఈ పద్ధతి కాదు, ఎవరూ చేయకూడని పని.

- కిటికీ ఒక పక్క నుంచే ఉండాలి. రెండో కిటికీకి దుప్పటి కట్టండి. ట్యూబులైటు ఆర్పేయండి.
- మోడల్ నిజంగా దువ్వుకోవాలి. చిక్కుపడ్డ జుట్టు, నిజమైన దువ్వెన. "ఇలాగే ఉండండి" అనకండి.
- చేయి పైకెత్తి ఐదు నిమిషాలకు మించి ఉండలేరు. ఐదు నిమిషాల పని, ఐదు నిమిషాల విరామం, మళ్లీ అదే పని మొదటి నుంచి.
- మీరు రెండు, రెండున్నర మీటర్ల దూరంలో ఉండండి. అంతకంటే దగ్గరైతే ముందున్న మోకాలో భుజమో పెద్దదైపోతుంది.
- మోడల్ చాప మీదో ముక్కాలి పీట మీదో కూర్చుంటే మీరు నిలబడి వేయండి. డెగా "ద టబ్" (1886, మ్యూజే డోర్సే, పారిస్) అలాంటి చూపే: పైనుంచి చూస్తున్నాం కాబట్టే కుడివైపు అల్మరా బల్ల, దాని మీది కూజాలు దాదాపు నిలువుగా లేచినట్టుంటాయి.

ఫోన్‌లో ఫొటోలు తీసుకోవచ్చు, మోడల్ ఒప్పుకుంటే. కానీ ఒక్క ఫొటో చూసి వేయకండి. కదలికలో మోచేయి ఎక్కడెక్కడ తిరిగిందో ఫొటోలో ఉండదు.

## 3. సామాన్లు

- కాగితం: రంగు వేసిన పాస్టెల్ కాగితం, 160 గ్రాముల మందం. కాన్సన్ మి-టాంత్ అయితే ఒకవైపు తేనెపట్టు లాంటి గళ్ల గరుకు, రెండోవైపు సన్నటి గరుకు. సన్నటి వైపు వాడండి. గళ్ల వైపు వాడితే చర్మం మీద గళ్లు తేలతాయి. రంగు: మట్టి, బూడిద, లేత నీలిబూడిద. తెల్లది వద్దు.
- వెనక అట్ట: కాగితం కంటే రెండు అంగుళాలు పెద్దది. అట్టకూ కాగితానికీ మధ్య మరో రెండు కాగితాలు వేయండి. గట్టి అట్ట మీద నేరుగా వేస్తే గీత పెళుసుగా వస్తుంది.
- సన్న బొగ్గు కడ్డీలు నాలుగు, ముద్ద రబ్బరు (పిండిలా నలిపి వాడేది) ఒకటి.
- గట్టి పాస్టెల్ 12 రంగులు, మెత్తటి పాస్టెల్ 20–24 రంగులు. పెద్ద సెట్టు కొనడం కంటే విడి కడ్డీలు మేలు: చర్మానికి ఆరు, జుట్టుకు ఐదు, బట్టకు నాలుగు, గదికి ఆరు.
- స్ప్రే ఫిక్సేటివ్ (పొడిని కాగితానికి పట్టి ఉంచే ద్రవం), పాస్టెల్‌కి పనికొచ్చేది, ఒక డబ్బా.
- ఐసోప్రొపిల్ ఆల్కహాల్ 50 మి.లీ., అంగుళం వెడల్పు గరుకు బ్రష్.
- ట్రేసింగ్ కాగితం, గ్లాసిన్ కాగితం (బొమ్మ మీద కప్పే నున్నటి పలచటి కాగితం), ఎన్95 మాస్కు, తడిగుడ్డ.

దుకాణంలో గట్టిగా అడిగి చూసుకోండి: పిల్లలు వాడే ఆయిల్ పాస్టెల్ దీనికి పనికిరాదు. అది జిడ్డు. ఫిక్సేటివ్ దాన్ని పట్టదు, మీద పొడి పాస్టెల్ నిలవదు.

పొడి ఊపిరితిత్తుల్లోకి పోనివ్వకండి. బొమ్మ మీద నోటితో ఊదడం మానండి. అట్ట కింద మడిచిన కాగితం తొట్టిలా పెడితే రాలిన పొడి అందులో పడుతుంది. పని అయ్యాక తడిగుడ్డతో తుడవండి, చీపురు వద్దు. చేతులు కడుక్కున్నాకే టీ.

## 4. చిన్న బొమ్మలు, అంచుల కోత

6×8 సెం.మీ. గడుల్లో పది చిన్న బొమ్మలు వేయండి. ఒక్కోదానికి రెండే నిమిషాలు. ఇందులో తేల్చుకోవాల్సింది అంచు ఒక్కటే: ఏది లోపల, ఏది బయట.

పాదాల దగ్గర కోయండి, కుర్చీని సగం కోయండి, తువ్వాలు ఒక మూల నుంచి బయటికి పోనివ్వండి. మణికట్టు దగ్గరా మోకాలి కీలు దగ్గరా మాత్రం కోయకండి, అవయవం తెగినట్టు కనిపిస్తుంది. కీలుకు పైనో కిందో కోయాలి.

మధ్యలో చోటు చాలలేదని తెలిస్తే కంగారు వద్దు. డెగా కాగితానికి ముక్కలు అతికించి బొమ్మను పెంచేవాడు. లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న "ఆఫ్టర్ ద బాత్" (సుమారు 1890–95) అలా పలు ముక్కల మీద వేసిందే. అదే కాగితం ముక్కను, అదే గరుకువైపు పైకి ఉంచి, వెనక నుంచి గోధుమ గంజితో పట్టీ వేయండి. సెల్లోటేపు పసుపెక్కుతుంది.

## 5. బొగ్గు గీత: వరుస తప్పకండి

1. వెన్నెముక, మెడ నుంచి నడుము దాకా ఒక్క గీత.
2. భుజాల గీత, నడుము గీత. చేయెత్తిన వైపు భుజం పైకి, నడుము కిందికి. ఈ రెండు గీతలూ సమాంతరంగా ఉంటే పని ఆగిపోయినట్టే.
3. భుజపలకలు. చేయి లేస్తే ఆ వైపు పలక బయటికి, పైకి జరుగుతుంది. రెండూ ఒకే ఎత్తులో వేయడం అందరూ చేసే తప్పు.
4. జుట్టు మొత్తాన్ని ఒకే ఆకారంగా. వెంట్రుకలు వద్దు.
5. చేతులు. జుట్టు పట్టుకున్న పిడికిలి ముందు, దువ్వెన పట్టిన చేయి తర్వాత.
6. చెవి, దవడ అంచు. ముఖం కనిపిస్తే కళ్లు కిందికి, కనురెప్ప ఒక్క గీత.

గీతలు కుదిరేదాకా పాతవి పూర్తిగా చెరపకండి. ముద్ద రబ్బరుతో అద్ది పలచన చేసి పైన కొత్తది వేయండి. మోచేయికి రెండు మూడు గీతలు మిగిలిపోతే బాగుంటుంది కూడా.

బొగ్గు బొమ్మ కుదిరాక దాన్ని ట్రేసింగ్ కాగితం మీదికి ఎత్తి దాచుకోండి. తర్వాత బొమ్మ పాడైతే మళ్లీ మొదలుపెట్టడానికి ఆధారం ఉంటుంది. డెగా ట్రేసింగ్ కాగితం మీదే పాస్టెల్ వేసి అట్టకు అతికించేవాడు. ఒకే మనిషిని ఒకదాని తర్వాత ఒకటిగా వేరే రంగుల్లో, తిప్పి, పెంచి వేయగలిగింది దానివల్లే.

## 6. మొదటి పొర: అడుగు రంగు

చివరికి కనిపించాల్సిన రంగుకు ఎదురు రంగు అడుగున వేయాలి. వెచ్చటి చర్మం కింద చల్లటి రంగు, నల్లటి జుట్టు కింద ముదురు ఎరుపు, తెల్లటి తువ్వాలు కింద లేత ఊదా.

గట్టి పాస్టెల్‌ని పక్కవాటంగా పట్టుకుని పలచగా రాయండి. తర్వాత బ్రష్‌ను ఆల్కహాల్‌లో ముంచి, విదిల్చి, ఒక్కసారి పూయండి. పొడి గరుకులోకి దిగి నీళ్లరంగులా పరుచుకుంటుంది. డెగా దీనికి ఆవిరి, నీళ్లు వాడేవాడు. మనం 160 గ్రాముల కాగితానికి నీళ్లు పెడితే ఉబ్బుతుంది. ఆల్కహాల్ రెండు నిమిషాల్లో ఆరిపోతుంది, కాగితం చదునుగానే ఉంటుంది. కిటికీ తెరిచి, మంటకు దూరంగా చేయండి.

మన మోడల్ చామనఛాయ అయితే యూరప్ పుస్తకాల్లో చెప్పిన గులాబి రంగులు మరిచిపోండి. నీడ వైపు అడుగున ఆకుపచ్చ కలిసిన బూడిద, వెలుగు వైపు ముదురు ఊదా. ఆ పైన కావి, ముదురు పసుపు వస్తాయి. గులాబి వేసి సరిచేద్దామనుకుంటే చర్మం సున్నం పూసినట్టవుతుంది.

మరో దారి కూడా ఉంది, కాస్త శ్రమ. డెగా నున్నటి పలక మీద నల్ల సిరా పూసి, గుడ్డతో తుడిచి బొమ్మ తీసి, దాన్ని కాగితానికి అద్దేవాడు. రెండోసారి అద్దిన వెలిసిన ముద్ర మీద పాస్టెల్ వేసేవాడు. ఇంట్లో ప్రెస్ లేకపోతే అక్రిలిక్ షీటు, ప్రింటింగ్ సిరా, చెమ్మ కాగితం, గరిటె వెనకభాగం చాలు. సిరా చేతికి అంటనంతగా ఆరాకే పాస్టెల్ మొదలుపెట్టాలి. ముదురు గదిలో వెలుగు పడ్డ వీపు వేయాలంటే ఈ దారి చాలా బాగుంటుంది.

## 7. ఫిక్సేటివ్: బొమ్మ నిలిచేదీ చెడేదీ ఇక్కడే

ఎక్కువమంది ఫిక్సేటివ్‌ని చివర ఒక్కసారి కొడతారు. అది తలకిందులు. ప్రతి పొర తర్వాతా కొట్టాలి, చివరి పొరకు కొట్టకూడదు.

ఎందుకంటే కాగితం గరుకు కొంత పొడినే పట్టుకుంటుంది. గరుకు నిండితే కొత్త రంగు జారిపోతుంది, లేదా కింది రంగును లేపి కలుపుకుని మట్టిలా మారుతుంది. ఫిక్సేటివ్ కింది పొరను కదలకుండా పట్టి, పైన మళ్లీ కాస్త గరుకు ఇస్తుంది. అందుకే డెగా రంగులు ఒకదాని సందుల్లోంచి ఒకటి కనిపిస్తాయి తప్ప కలిసిపోవు. ఆయన తన మిత్రుడు, చిత్రకారుడు లుయిజీ కియాలీవా ఇచ్చిన ఫిక్సేటివ్ వాడేవాడు. మనకు బజారు డబ్బా సరిపోతుంది.

- బొమ్మను నిలువుగా నిలబెట్టి, వెనక నుంచి వేలితో తట్టి వదులు పొడి రాల్చండి.
- ఆరుబయట, గాలి విసురు తగలని చోట. ఇంట్లో వద్దు.
- 30–40 సెం.మీ. దూరం. స్ప్రేని కాగితం బయట మొదలుపెట్టి, అడ్డంగా దాటించి, బయటే ఆపండి.
- మొదటి పూత అడ్డంగా, రెండోది నిలువుగా. మధ్యలో పది నిమిషాలు.
- కాగితం తడిగా కనిపించిందంటే ఎక్కువైనట్టు.

ఫిక్సేటివ్ పొడి రేణువుల మధ్య గాలిని నింపేస్తుంది, అందుకే రంగులు ముదురుతాయి. అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తినేది తెలుపు, లేత రంగులు. వాటిని మళ్లీ పైన వేయాలని ముందే అనుకుని మధ్య పొరల్ని కాస్త లేతగా ఉంచండి.

## 8. రెండో, మూడో పొరలు: చర్మం

ఇక వేలితో రుద్దడం మానేయండి. అన్ని గీతలూ గీతలుగానే ఉండాలి.

రెండో పొరలో గీతలు కండ దిశలో: భుజం చుట్టూ వంపుగా, వీపు మీద వెన్నెముక నుంచి బయటికి. ఫిక్స్ చేయండి. మూడో పొరలో ఆ దిశను దాటి, నిలువుగానో ఏటవాలుగానో, గీతకూ గీతకూ మధ్య రెండు మిల్లీమీటర్ల ఖాళీ వదులుతూ వేయండి. కింది రంగు ఆ ఖాళీల్లోంచి పలుకుతుంది.

నీడలోకి నల్ల రంగు తీసుకురాకండి. నీలిఆకుపచ్చ, ముదురు ఊదా చాలు. చంక, మెడ కింద మడత, మోచేయి మడతల్లో ఒక ఎరుపు గీత వేస్తే చర్మంలో రక్తం ఉన్నట్టుంటుంది.

## 9. జుట్టు

బొమ్మ అంతా జుట్టు మీద ఆధారపడి ఉంది, ఇక్కడ తొందర వద్దు.

నల్లటి జుట్టుకు నల్ల కడ్డీ చివరిదాకా తీయకండి. వరుస ఇది: ముదురు ఎరుపు (అడుగున వేసిందే), దాని మీద ముదురు నీలం, దాని మీద ముదురు గోధుమ. మూడూ గీతలుగా, ఫిక్స్ చేస్తూ. అప్పుడు మడతల్లో, చెవి వెనక, పిడికిలి కింద మాత్రమే నలుపు.

చిక్కు తీస్తున్న జుట్టులో మూడు భాగాలు ఉంటాయి. కుదుళ్ల నుంచి పిడికిలి దాకా వదులు, కాస్త ఉబ్బు. పిడికిలి నుంచి దువ్వెన దాకా బిగువు, తిన్నటి గీతలు, సన్నటి మెరుపు. దువ్వెన కింద మళ్లీ వదులు, చివర్లు చెదిరి. మూడింటినీ ఒకేలా వేస్తే దువ్వెన గాల్లో తేలుతుంది.

మెరుపును జుట్టు పొడవునా గీయకండి. మెరుపు అడ్డంగా, తల గుండ్రానికి చుట్టూ పట్టీలా పడుతుంది. కిటికీ వెలుగైతే దాని రంగు లేత నీలం. నూనె రాసిన జుట్టుకు పట్టీ సన్నగా, అంచు పదునుగా. తలంటుకుని ఆరిన జుట్టుకు వెడల్పుగా, మెత్తగా.

విడి వెంట్రుకలు మొత్తం బొమ్మలో ఐదారు చాలు: పాపిట దగ్గర రెండు, మెడ వెనక రెండు, చివర్న ఒకటో రెండో. గట్టి పాస్టెల్‌ని బ్లేడుతో చెక్కి వాడండి.

## 10. తువ్వాలు, బేసిన్, గోడ

తువ్వాలుకు తెల్ల కడ్డీ ఇంకా తీయకండి. లేత ఊదా, లేత పసుపు, లేత ఆకుపచ్చ వేసి వదిలేయండి. బేసిన్ అంచు కోడిగుడ్డు ఆకారపు వంపు, ఒక్క చేతి ఊపులో. గోడకు పెద్ద గీతలు, పక్కవాటంగా. గోడ రంగు కొంచెం చర్మంలోకి, చర్మం రంగు కొంచెం గోడలోకి తీసుకెళ్లండి. గదిలో వస్తువులు ఎక్కువ పెట్టకండి.

## 11. చివరి వెలుగులు

ఇప్పుడు మాత్రమే తెలుపు, అదీ మెత్తటి పాస్టెల్‌తో. ఎనిమిది, పది చోట్ల, అద్ది వదిలేయండి: భుజం అంచు, పిడికిలి కణుపులు, తువ్వాలు మడత, బేసిన్ అంచు, దువ్వెన వీపు. దీని మీద ఫిక్సేటివ్ కొట్టవద్దు.

ఆపే ముందు చూసుకోండి:

- దువ్వెన లాగే దిశ ఒక్క చూపులో తెలుస్తోందా?
- తల, మెడ, భుజం ఆ లాగుడుకు స్పందిస్తున్నాయా?
- అన్నిటికంటే లేత రంగు పని జరిగే చోటే ఉందా, లేక పక్కన తువ్వాలు లాక్కుంటోందా?
- ముఖం చూసేవాళ్లను పలకరిస్తోందా? అయితే కళ్లు కిందికి దించండి.

## 12. వచ్చే తప్పులు, సవరణలు

రంగు నిలవడం లేదు, జారుతోంది. గరుకు నిండింది. ఆ చోటును గరుకు పొడి బ్రష్‌తో దులిపి, ముద్ద రబ్బరుతో అద్ది ఎత్తి, ఫిక్స్ చేసి మళ్లీ వేయండి. రుద్ది చెరిపితే కాగితం మెరుగెక్కి ఇక పట్టదు.

చర్మం సున్నంలా ఉంది. తెలుపు ముందే వాడారు. దాని మీద ముదురు పసుపు, కావి గీతలు వేసి కప్పండి.

చేయి పొట్టిగా ఉంది. మనవైపు వచ్చే మోచేయిని గీత పొడవుతో కొలవకండి. మోచేయికీ చెవికీ మధ్య ఖాళీ ఆకారాన్ని చూసి దాన్ని వేయండి, చేయి దానంతటదే కుదురుతుంది.

జుట్టు తాళ్లలా ఉంది. వెంట్రుకలు ముందు వేశారు. పక్కవాటపు కడ్డీతో ముదురు రంగు ఒకసారి పైన లాగి, మెరుపు పట్టీ మళ్లీ పెట్టండి.

ఫిక్సేటివ్ చుక్కలు పడ్డాయి. దగ్గర నుంచి కొట్టారు, లేదా మూతి మూసుకుంది. ఆరాక అదే రంగు గీతలు పైన వేయండి. తుడిస్తే మచ్చ పెరుగుతుంది.

మోడల్ పోజులో ఉంది. దీన్ని రంగుతో దిద్దలేరు. ట్రేసింగ్ తీసి, మోడల్‌ను మళ్లీ దువ్వుకోమని, భుజాల గీత మార్చి కొత్త కాగితం మీద మొదలుపెట్టండి.

## 13. దాచడం, ఫ్రేము

వెంటనే ఫ్రేము కట్టలేకపోతే పైన గ్లాసిన్ కాగితం పెట్టి, చదునుగా, ఏదీ జరగకుండా దాచండి. చుట్టకండి.

ఫ్రేముకు గాజే వాడించండి. అక్రిలిక్ షీటుకు స్థిర విద్యుత్తు పుట్టి పొడిని లాక్కుంటుంది. గాజుకూ బొమ్మకూ మధ్య కనీసం 4 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. మౌంటు అట్ట (బొమ్మ చుట్టూ గాజు కింద ఉండే అట్ట చట్రం) లోపలి అంచును కొద్దిగా వెనక్కి కోయించి పెట్టిస్తే రాలిన పొడి దాని వెనక పడుతుంది, అట్ట మీద కనిపించదు. అట్ట ఆమ్లం లేనిదని అడిగి తీసుకోండి.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరపు ఊళ్లలో తేమకు పాస్టెల్ మీద బూజు తొందరగా పడుతుంది. వానకు తడిసే బయటి గోడకు తగిలించవద్దు. ఫ్రేము కింది రెండు మూలల వెనక బెండు ముక్కలు అతికిస్తే గోడకూ ఫ్రేముకూ మధ్య గాలి ఆడుతుంది. వానాకాలంలో నెలకోసారి దించి వెనకవైపు చూడండి. బూజు చుక్క కనిపిస్తే మీరు తుడవకండి, తేమ లేని గదిలో పెట్టి, కాగితపు బొమ్మలు బాగుచేసేవాళ్లకు చూపించండి.